శ్రీరాములు పట్టిన ఒక్కపొద్దు

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళకు కొదవ లేదు. శ్రీరాములు మాదిరి నేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ఈ మాట ఎక్కువసార్లు చెప్పింది శ్రీరాములే అయినా, కాదన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆయన చదివింది బత్తలపల్లి పక్కన ఒక పల్లెబడిలో, ఐదో తరగతి దాకా. ఆ బడిలో పదహారో ఎక్కం కింది నుంచి పైకి ఒప్పజెప్పిన పిల్లవాడు ఆయన ఒక్కడే. అయ్యవారు చూసి, ఇట్ల చెప్పమని నిన్ను ఎవరడిగినార్రా అన్నాడు గానీ, తప్పు మాత్రం పట్టలేకపోయినాడు. మీసాలు రాకముందే మగ్గం గుంతలోకి కాళ్ళు దించాడు. ఆయన నేసిన ఏనుగుల అంచు చీర కట్టుకుని ఒక కలెక్టరు గారి భార్య జెండా పండగకు వచ్చింది. పెద్ద వానలకు గుంతలో నీళ్ళు ఊరిన ఏడు, అందరూ మగ్గాలు ఆపుకుంటే, ఈయన పిక్కల దాకా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పెళ్ళివాళ్ళ చీర పూర్తిచేసి ఇచ్చాడు. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళలో ముగ్గురు ఇప్పటికీ బజార్లో ఎదురైతే బండి ఆపి, దిగి, నమస్కారం పెడతారు. నాలుగోవాడు బండి ఆపడు గానీ హారన్ కొడతాడు.

తిండిలో కూడా ఆయనకు పేరుంది. పెనుకొండలో బావమరిది హనుమంతరాయుడి పెళ్ళికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, తినే పందెం జరిగింది. ఎదురుగా కూర్చున్నవాడు ఓడిపోయి, చెయ్యి కడుక్కుని, కాసేపు పడుకుని లేచి వచ్చి చూస్తే శ్రీరాములు ఇంకా నెయ్యి అడుగుతున్నాడు. ఆ కథ పెనుకొండలో ఈనాటికీ చెప్పుకుంటారు.

ఆ ఘనతలు ఎక్కడికీ పోలేదు. అన్నీ పొట్టలోనే ఉన్నాయి.

నేతగాడికి పొట్ట ఉంటే ఏమవుతుందో తెలియాలంటే మగ్గం సంగతి కొంచెం చెప్పాలి. గుంత ఒడ్డున కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, కింద చెక్కలు తొక్కుతూ నెయ్యాలి. నేసిన చీర ఒక మొద్దుకు చుట్టుకుంటూ వస్తుంది. ఆ మొద్దు సరిగ్గా నేతగాడి కడుపు ముందర ఉంటుంది. వెనక్కి జరిగి కూర్చుందామంటే కాళ్ళకు చెక్కలు అందవు. ముందుకు జరిగితే కడుపుకు చీర తగులుతుంది. శ్రీరాములు అరవై దాటేసరికి జరగకుండానే తగలడం మొదలుపెట్టింది.

పోయిన ఎండాకాలంలో ఒక చీర తీసుకుపోయి అంగడి సెట్టి ముందు పెట్టాడు. సెట్టి చీరను వెలుతురుకు పట్టుకుని చూశాడు. అడ్డంగా, మబ్బు మాదిరి, జానెడు పొడుగున ఒక చెమట మరక. మూర దాటినాక ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి.

"శ్రీరాములన్నా, ఇది కొత్త డిజైనా?" అన్నాడు సెట్టి.

అంగట్లో ఇద్దరు ఆడకూతుళ్ళు చీరలు చూస్తున్నారు. వాళ్ళు నవ్వలేదు. నవ్వివుంటే బాగుండేది.

ఆ తర్వాత కడుపుకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. గుడ్డతో కడుపు ఇంకా లావై మొద్దు తిరగనే లేదు. కొడుకు వెంకటేష్ మర్యాద తెలిసినవాడు. "నాయనా, నీ చెయ్యి పడితే దారం తెగదు. నువ్వు కండెలు చుడతావుండు, నేను నేస్తా" అన్నాడు. కండెలు చుట్టడమంటే చక్రం తిప్పుతూ దారాన్ని చిన్న పుల్లలకు ఎక్కించడం. ఆ ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ళు చేసేవాళ్ళు. కోడలు మహేశ్వరి చక్రం ముందు నుంచి లేచి, పీట తుడిచి, మామకు చోటిచ్చింది. శ్రీరాములు కూర్చున్నాడు. ఏనుగుల అంచు నేసిన చెయ్యి కండెలు చుట్టింది.

ఇట్లుండగా మనవరాలు స్వాతికి సంబంధం కుదిరింది. స్వాతి హిందూపురంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. పెళ్ళికొడుకుదీ హిందూపురమే. నిశ్చితార్థం అక్కడే జరిగింది. తాంబూలాలు అయినాక మాటల్లో మాటగా శ్రీరాములు తన సంగతులు నాలుగు చెప్పాడు. కలెక్టరు భార్య దగ్గర మొదలుపెట్టి వానల దాకా వచ్చేసరికి పెళ్ళికొడుకు మేనమామ అడ్డం తగిలాడు.

"అయితే పెద్దాయనా, ఇప్పుడూ నేస్తాండావా?"

"నేయక?"

"ఏం లేదు, గుంతలోకి దిగితే మళ్ళా పైకి లేపనీకి క్రేన్ తెప్పించల్లేమో అని అడుగుతాండా."

అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు కూడా నవ్వి, స్వాతి చూపు పడగానే ఆపేశాడు.

శ్రీరాములు లేచి నిలబడ్డాడు. లేవడానికి కొంచెం సేపు పట్టింది. "పాప ముహూర్తం చీర నా చేత్తో నేస్తా. ఒక్క దారం ఇంకొకరు ముట్టరు. మరక గాని, తెంపు గాని ఉంటే చూపించండి" అన్నాడు.

మరక మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఎవరూ అడగలేదు.

పెళ్ళి మాఘంలో. అప్పటికి ఆ పొట్ట మొద్దుకు దూరంగా జరగాలి. ఎట్ల జరగాలో ఎవరికీ తెలియదు.

సెలవుకు ఇంటికొచ్చిన స్వాతిని ఒక ఆదివారం సాయంత్రం స్టేషన్లో రైలెక్కించడానికి పోయినప్పుడు, ఆ పిల్ల సన్నబడిన సంగతి శ్రీరాములు గమనించాడు.

"ఏం పాపా, హాస్టల్లో అన్నం పెట్టరా?"

"పెడతారు తాతా. నేనే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేస్తాండా."

"ఏమంటివి?"

"రోజంతా తినకుండా కొన్ని గంటల్లోనే తినేయాల. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిదికి ఆపేయాల. మిగతా టైమంతా కడుపు ఖాళీగా ఉండాల. కొవ్వు కరుగుతాది."

"అంటే ఒక్కపొద్దు."

రైలు కూత వేసింది. స్వాతి బ్యాగు భుజానికెత్తుకుంది. "ఆఁ, అట్లాంటిదే తాతా. ఒక్కపొద్దే అనుకో. రోజూ చేయాల, అంతే."

"ఎన్నాళ్ళు?"

"ఇది లైఫ్‌స్టైల్ తాతా. ఎప్పటికీ!" అని కిటికీలోంచి అరిచింది.

ఒక్కపొద్దు సంగతి శ్రీరాములుకు ఒకరు చెప్పాలా? శ్రావణ శనివారాలు ఆయన ఉన్నన్ని ఒక్కపొద్దులు ఆ వీధిలో ఎవరూ ఉండలేదు. జ్వరంలోనూ ఉన్నాడు. ఊరు మొత్తానికీ తెలిసిన పద్ధతే అది: పగలు ఒక్క పూట అన్నం తినాలి, మిగతా పూటల్లో పలారం తినొచ్చు. అన్నం తిండి, పలారం తిండి కాదు. ఇందులో అనుమానపడాల్సింది ఏమీ లేదు.

మర్నాటి నుంచే మొదలైంది. పొద్దున బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఉంటే సంగటి. రోజుకు ఒక్కసారే కాబట్టి కడుపునిండా తినడం న్యాయం. సాయంత్రం బోండాలు. రాత్రి అన్నం జోలికి పోకుండా దోసెలు. ఒక్కపొద్దు మనిషి నీరసపడిపోతాడని భార్య నీలావతమ్మ దోసెల మీద నెయ్యి ఎక్కువ వేసేది. ఇన్ని కష్టాలు పడుతూ కూడా శ్రీరాములు ఒక్కరోజు నియమం తప్పలేదు. బంధువులింట్లో రాత్రి అన్నం వడ్డిస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "నేను ఒక్కపొద్దు. దోసెలు పొయ్యండి" అనేవాడు.

వీధిలో గౌరవం పెరిగింది. పక్కింటి లక్ష్మక్క మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆమె కూడా మొదలుపెట్టి, అనుమానాలు తీర్చుకోవడానికి వచ్చేది.

"అన్నా, బొరుగులు బియ్యంతోనే చేస్తారు గదా. ఉగ్గాని తింటే అన్నం తిన్నట్టు కాదా?"

"బొరుగులు వేయించేటివి. ఉడికించేటివి కాదు. పలారమే."

"మరి ఇడ్లీ ఉడికిస్తారే?"

"దాన్ని రుబ్బినారు కదమ్మా. బియ్యం రూపు పోయింది."

"పొంగలి?"

శ్రీరాములు కొంచెం ఆలోచించాడు. "ఇంట్లో చేస్తే అన్నం. గుళ్ళో పెడితే ప్రసాదం."

లక్ష్మక్క తృప్తిగా వెళ్ళిపోయింది. ఆమె కూడా బాగా ఒళ్ళు చేసింది. అది వేరే సంగతి.

దసరా దాటినాక పెనుకొండలో హనుమంతరాయుడు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. శ్రీరాములు, నీలావతమ్మ ముందురోజే వెళ్ళారు. స్వాతి హిందూపురం నుంచి పొద్దున రైలుకు వచ్చింది. కొత్త ఇంట్లో అన్నీ కొత్తవే. స్నానాల గదిలో బరువు చూసే మిషను కూడా ఉంది. హనుమంతరాయుడు దాన్ని తెచ్చి హాల్లో అందరిముందు పెట్టాడు.

"మా బావ రెండు నెల్ల పైనుంచీ ఒక్కపొద్దు. ఎంత తగ్గినాడో అందరూ చూడండి. రా బావా, ఎక్కు."

శ్రీరాములు కండువా తీసి పక్కన పెట్టి, మిషనుకు ఒక నమస్కారం పెట్టి ఎక్కాడు. హనుమంతరాయుడు వంగి అంకె చదివాడు. మళ్ళీ చదివాడు. స్వాతి కూడా వంగింది. నిశ్చితార్థానికి ముందు ఆసుపత్రిలో చూసిన అంకె ఆ పిల్లకు గుర్తుంది. ఇది దానికంటే ఎక్కువ.

"మిషను కొత్తది. ఇంకా అలవాటు పడలే" అన్నాడు శ్రీరాములు దిగుతూ.

స్వాతి పక్కన కూర్చుంది. "తాతా, పొద్దున్నుంచి ఏమి తిన్నావు?"

"ఏమీ తిన్లే."

"నిజంగా?"

నీలావతమ్మ కోపంగా లేచింది. "మీ తాత అబద్ధమాడతాడా పాపా? ఏమీ తిన్లే. ఉగ్గాని తిన్నాడు, అంతే."

"అంతేనా?"

"నాలుగు బజ్జీలు. మళ్ళ హనుమంతరాయుడు బలవంతం చేస్తే రెండు ఓళిగలు. ఇంగ ఏమీ ముట్టలే, పాపం."

స్వాతి మెల్లగా, "అవ్వా, అదంతా తిండి కాదా?" అంది.

హాల్లో పెద్దవాళ్ళందరూ ఆ పిల్లను జాలిగా చూశారు. హనుమంతరాయుడి వియ్యంకుడు, "అది పలారం కదమ్మా" అని అర్థమయ్యేటట్టు చెప్పాడు. వంటమనిషి వంటింటి గడపలో నిలబడి, "పలారం తిండెట్లయితాది? మేం పుట్టినప్పట్నుంచి వింటాండాం" అన్నాడు. లక్ష్మక్క అక్కడ లేదు గానీ, ఉంటే ఆమె కూడా అదే చెప్పేది. ఒక్క ఆడపిల్ల ఒకవైపు, పెనుకొండ మొత్తం ఒకవైపు.

"తాతా, నేను చెప్పిన ఫాస్టింగ్ అంటే ఆ గంటల్లో ఏమీ నోట్లో పెట్టుకోగూడదు. ఉగ్గాని లేదు, బజ్జీ లేదు, చక్కెరేసిన టీ కూడా లేదు. నీళ్ళు మాత్రమే."

"ఒక్కపొద్దే అంటివి కదా?"

"నేను రైలెక్కే తొందరలో ఏదో అన్నా. తాతా, నువ్వు పలారం అంటే సామి నమ్ముతాడు. కడుపు నమ్మదు."

పక్కన ఆకులో ఇంకో ఓళిగ ఉంది. శ్రీరాములు దాన్ని అట్లే ఉంచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం పెనుకొండ నుంచి ధర్మవరం దాకా రైల్లో కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాడు. ఉడికించిన చెనిక్కాయలు అమ్మేవాడు వచ్చాడు. శ్రీరాములు చూపు తిప్పుకున్నాడు. నీలావతమ్మ భయపడి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇంటికి పోయినాక అసలు ఒక్కపొద్దు మొదలైంది. దాని చిక్కు ఏమిటంటే, అది చూసేవాళ్ళకు ఒక్కపొద్దులాగా కనపడదు. మధ్యాహ్నం పన్నెండుకు అన్నం, కూర. పొద్దు గూకకముందే మళ్ళీ అన్నమో, సంగటో. మధ్యలో ఒక జామకాయ. ఆ తర్వాత మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్ళు. అంటే రెండు పూటలా అన్నం. ఒక్కపొద్దు పట్టిన మనిషి రెండు పూటలా అన్నం తింటాడని వీధంతా పాకింది.

లక్ష్మక్క ఆగలేక వచ్చింది. "ఏమన్నా, ఒక్కపొద్దు ఇడిసినావంట?"

నేను ఇప్పుడే సరిగ్గా పట్టినానమ్మా అని చెప్పాలంటే, ముందు పట్టింది సరిగ్గా లేదని కూడా చెప్పాలి. బొరుగుల మీద, ఇడ్లీల మీద ఇచ్చిన తీర్పులన్నీ వెనక్కి తీసుకోవాలి. శ్రీరాములు కండె చుడుతూ, "ఆఁ" అన్నాడు.

"పోన్లే అన్నా. అందరివల్లా అయ్యేది కాదు" అని ఆమె ఓదార్చి వెళ్ళింది.

ఆయన జీవితంలో ఒకరు ఆ మాట అనడం, ఆయన ఊరుకోవడం అదే మొదలు.

పొద్దున పూట కష్టంగా ఉండేది. వీధి మలుపులో బజ్జీల బండి వాసన, అడ్రసు తెలిసినట్టు నేరుగా ఇంటికే వచ్చేది. శ్రీరాములు చక్రం ఇంకా వేగంగా తిప్పేవాడు. వెంకటేష్ ఒక్కడు నేసేదానికి అన్ని కండెలు ఎందుకని మహేశ్వరి అడగలేదు. బుట్టలో పోసి పెట్టింది. నీలావతమ్మ మాత్రం రెండు రోజులు మాట్లాడటం మానేసింది. ఆమె దోసెలు వేసిన చెయ్యికి అవమానమైంది.

"ఏమయ్యా, నా దోసెలు ఏం పాపం చేసినాయి?"

"ఏమీ చేయలే. అవి మంచివి. ఆ మంచితనమే వచ్చి ఈడ కూర్చుండాది" అని కడుపు చూపించాడు.

అప్పుడామె దోసెల పిండి రుబ్బడం ఆపింది. రాత్రి అందరూ తినేటప్పుడు, ఆయనకు కనపడకుండా వంటింట్లోనే తినడం మొదలుపెట్టింది. మహేశ్వరి కూడా అట్లే చేసింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

కార్తీకం పోయింది. ఒక పొద్దున వెంకటేష్‌ను పక్కకు పిలిచి, "నేను కూర్చుంటా, చూడు" అన్నాడు శ్రీరాములు. గుంతలోకి కాళ్ళు దించాడు. వెంకటేష్ మొద్దుకూ నాయన కడుపుకూ మధ్య చెయ్యి పెట్టాడు. చూపుడువేలు దూరింది.

"ఊపిరి బిగబట్టినావా నాయనా?"

"లేదు."

"వదులు."

శ్రీరాములు వదిలాడు. వేలు ఇరుక్కుంది.

పుష్యం వచ్చేసరికి ఊపిరి వదిలినా మూడు వేళ్ళు దూరాయి. కానీ అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మగ్గానికి ఎక్కించిన పడుగులో, అంటే నిలువు దారాల్లో, మూడు చీరలు వస్తాయి. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి అంగడి సెట్టికీ అదే పసుపు, అదే ఎర్ర అంచు కావాలి. రెండు సెట్టివి, ఒకటి స్వాతిది. ఏళ్ళ తరబడి శ్రీరాములు వీధిలో చెప్పుకునే పద్ధతి ఒకటుంది: అంగడి చీర ముందు, ఇంటి చీర చివర. ఆయన నాయన నేర్పింది. ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు, నీలావతమ్మ పెళ్ళిచీరకు కూడా.

వెంకటేష్ నసుగుతూ చెప్పాడు. "నాయనా, చివరది నేసేటప్పటికి ముందు రెండు చీరలూ మొద్దుకే చుట్టుకొని ఉంటాయి. వాటిని నడుమ కోసి పడుగు మళ్ళా కట్టుకుంటే దారాలు తెగుతాయి, నువ్వేమో తెంపు ఉండదని మాటిచ్చినావు. నీది తగ్గిన మందం మొద్దు లావవుతాది."

శ్రీరాములు మొద్దును చూశాడు. కడుపును చూసుకున్నాడు. కండువా వేసుకుని అంగడికి పోయాడు.

సెట్టి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. అయ్యేదాకా నిలబడి, "ఈసారి మా పాప చీర ముందు కోసుకుంటా సామీ. మీవి వారం ఆలస్యమయితాయి" అన్నాడు. శ్రీరాములు ఒకరిని అడగడం సెట్టి ఎన్నడూ చూడలేదు.

"మీ ఇంటి చీర ఎప్పుడూ చివరే గదన్నా?"

"ఈసారి ముందు."

సెట్టి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. చొక్కా భుజాల మీద నుంచి కొంచెం జారుతోంది. "ఒంట్లో బాగుండాదా?" అన్నాడు. అంతకంటే ఏమీ అడగకుండా సరేనన్నాడు.

మర్నాటి నుంచి శ్రీరాములు నేశాడు. వెంకటేష్ కండెలు అందించాడు. చేతులు మొదట మొరాయించాయి, తర్వాత గుర్తుకు తెచ్చుకున్నాయి. పొద్దున ఖాళీ కడుపుతో కూర్చుని, పన్నెండుకు లేచి తిని, మళ్ళీ కూర్చునేవాడు. తిన్న వెంటనే కడుపు కొంచెం ముందుకు వచ్చేది కాబట్టి, ఆ కాసేపూ వీపు నిటారుగా పెట్టి, చేతులు చాచి నేసేవాడు. హిందూపురం నుంచి పెళ్ళికొడుకు మేనమామ ఫోన్ చేసి, "ఏం పెద్దాయనా, క్రేన్ మాట్లాడేదా?" అన్నాడు. "నేస్తాండా. తర్వాత మాట్లాడు" అని పెట్టేశాడు. నిజంగానే నేస్తున్నాడు కాబట్టి కోపం రాలేదు.

కొంగు నేసేటప్పుడు మొద్దు లావు తెలిసింది. సగం వేలి సందు కూడా మిగల్లేదు. ఆ పూట మధ్యాహ్నం అన్నానికి లేవకుండా చీకటి పడేదాకా నేశాడు. దీపాలు పెట్టినాక లేచి నిలబడ్డాడు. వెంకటేష్ చీరను కోశాడు.

మరకలు కరెంటు వెలుతురులో కనపడవు. పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చినాక చూడాలి. పొద్దున్నే వెంకటేష్ ఒక కొస, మహేశ్వరి ఒక కొస పట్టుకుని వాకిట్లో చీరను పొడుగ్గా విప్పారు. నీలావతమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని అంచు నుంచి అంచుకు చూసుకుంటూ నడిచింది. శ్రీరాములు గడప దగ్గర నిలబడ్డాడు.

"లేదు" అంది.

"సరిగా చూడు. కొంగు దగ్గర చూడు."

ఆమె మళ్ళీ కొంగు దాకా పోయింది. వంగి, చీరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మహేశ్వరి కూడా వంగింది.

"యాడా లేదు మామా" అంది మహేశ్వరి.

"ఇటు తిప్పి ఎండకు పట్టండి."

తిప్పి పట్టారు. పసుపు వెలుగు గోడ మీద పడింది. ఎక్కడా ఒక్క మబ్బు లేదు.

శ్రీరాములు గడప మీద కూర్చున్నాడు. భుజం మీద తుండుగుడ్డ తీసి ముఖం మీద కప్పుకున్నాడు. చాలాసేపు తీయలేదు. వెంకటేష్, మహేశ్వరి ఎటు చూడాలో తెలియక చీర మడతపెట్టారు.

నీలావతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఆకలైతాందా?" అని మెల్లగా అడిగింది.

"లేదులే" అన్నాడు గుడ్డలోంచి.